ట్రాయ్ అంటే ఎవరు? మన ఫోన్ నంబర్‌కి, మన పథకం డబ్బుకి దానితో పనేమిటి?

లబ్ధిదారులకు సులువైన వివరణ

పింఛన్, తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్, రేషన్... పథకం ఏదైనా ఈ రోజుల్లో చాలా పనులు ఫోన్ నంబర్‌తోనే ముడిపడి ఉన్నాయి. డబ్బు పడిందని మెసేజ్ ఆ నంబర్‌కే వస్తుంది. ఆధార్ ఓటీపీ ఆ నంబర్‌కే వస్తుంది. వాట్సాప్‌లో మన మిత్ర వాడాలన్నా ఫోన్ పనిచేస్తూ ఉండాలి. అందుకే మోసగాళ్లు కూడా ముందు ఆ నంబర్ మీదే కన్నేస్తున్నారు.

వాళ్లు ఎక్కువగా వాడే పేర్లలో "ట్రాయ్" ఒకటి. "ట్రాయ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ నంబర్ రెండు గంటల్లో కట్ అయిపోతుంది, వివరాలకు 9 నొక్కండి" అని రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది. భయపడి 9 నొక్కితే ఎవరో లైన్లోకి వస్తారు. మీ ఆధార్‌తో వేరే సిమ్ తీశారని, కేసు పడిందని, పోలీసులతో మాట్లాడాలని చెప్పి చివరికి డబ్బు దగ్గరికి వస్తారు.

ట్రాయ్ అంటే ఏమిటో, ఏ పని దాని చేతిలో ఉందో, ఏది లేదో తెలిసినవాళ్లు ఈ కాల్‌ని మొదటి వాక్యంలోనే పట్టేయగలరు. నిజంగా ఫోన్ సమస్య వచ్చినప్పుడు ఏ గడపకు వెళ్లాలో కూడా తెలుస్తుంది. ఈ వివరణ అందుకోసమే.

ముందుగా ఒక్క మాట

ట్రాయ్ మీకు ఫోన్ చేయదు. మీ నంబర్ కట్ చేస్తామని మెసేజ్ పంపదు. తన తరఫున అలా మాట్లాడమని ఏ ఏజెన్సీకీ అప్పగించలేదు. ఈ సంగతి ట్రాయ్ తానే ఎన్నోసార్లు ప్రకటించింది. బిల్లు కట్టకపోయినా, గుర్తింపు పత్రాలు సరిగా లేకపోయినా, నంబర్‌ను తప్పుడు పనికి వాడినా, సర్వీసు ఆపేది మీ సిమ్ కంపెనీయే.

ట్రాయ్ అంటే ఏమిటి?

ట్రాయ్ అంటే భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ. ఫోన్, ఇంటర్నెట్, కేబుల్ టీవీ, డీటీహెచ్ కంపెనీలు ఏ పద్ధతిలో నడుచుకోవాలో నియమాలు పెట్టే కేంద్ర సంస్థ ఇది. పార్లమెంటు చేసిన ట్రాయ్ చట్టం కింద 1997 ఫిబ్రవరి 20న ఏర్పడింది. కేబుల్, టీవీ ప్రసారాల పని 2004లో దీనికి చేర్చారు.

ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని పని సులువుగా అర్థమవుతుంది. ఒకప్పుడు దేశంలో ఫోన్ అంటే ప్రభుత్వ ఫోనే. లైను ఇచ్చేది టెలికాం శాఖే, రేటు పెట్టేది, రూలు రాసేది కూడా ఆ శాఖే. 1990ల్లో ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 1995లో సెల్‌ఫోన్ మొదలైంది. అప్పుడో చిక్కు వచ్చింది. ఆటలో ఆడేదీ ప్రభుత్వమే, తీర్పు చెప్పేదీ ప్రభుత్వమే అయితే మిగతా ఆటగాళ్లకు నమ్మకం ఎలా కుదురుతుంది? అందుకని ఆటకు బయట నిలబడి రూల్స్ చూసే ఒక సంస్థ కావాలనుకున్నారు. అదే ట్రాయ్.

దాని పని మన జేబుకు ఎలా తగులుతుందో ఒక ఉదాహరణ. సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో మనకు వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టేవాళ్లం. కాల్ చేసినవాళ్లే కట్టాలి, అందుకున్నవాళ్లు కట్టక్కర్లేదు అనే పద్ధతి 2003లో ట్రాయ్ నియమాలతో వచ్చింది. ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాకే సెల్‌ఫోన్ పేదల ఇళ్లలోకి కూడా వచ్చింది.

లోపల ఎవరెవరు ఉంటారు?

ట్రాయ్‌కి ఒక చైర్మన్ ఉంటారు. ఆయనతోపాటు పూర్తికాలం సభ్యులు ఇద్దరికి మించకుండా, పార్ట్‌టైమ్ సభ్యులు ఇద్దరికి మించకుండా ఉంటారు. అందరినీ కేంద్ర ప్రభుత్వమే నియమిస్తుంది. చైర్మన్, పూర్తికాలం సభ్యుల పదవీకాలం మూడేళ్లు, లేదా 65 ఏళ్ల వయసు వచ్చేదాకా. ఏది ముందైతే అది. మొదటి చైర్మన్‌గా జస్టిస్ ఎస్.ఎస్. సోధి పనిచేశారు.

వీళ్ల కింద కార్యదర్శి, ఆయన కింద విభాగాలు ఉంటాయి. రేట్లు చూసేవాళ్లు ఒకరు, నెట్‌వర్క్ నాణ్యత చూసేవాళ్లు ఒకరు, వినియోగదారుల విషయాలు, టీవీ ప్రసారాలు, న్యాయ వ్యవహారాలు చూసేవాళ్లు ఇంకొందరు. ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది. మనకు దగ్గరగా హైదరాబాద్‌లో ఒక ప్రాంతీయ కార్యాలయం ఉంది. రాష్ట్రాలు రెండైనా ఫోన్ కంపెనీల లైసెన్సు లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్.

జిల్లా స్థాయిలో, మండల స్థాయిలో ట్రాయ్‌కి ఆఫీసులు లేవు. కాబట్టి "నేను మీ మండలం ట్రాయ్ ఆఫీసర్ని" అని ఎవరైనా గడప తొక్కితే నమ్మవద్దు.

ట్రాయ్ ఏం చేస్తుంది?

దాని పనులు రెండు రకాలు.

మొదటిది సలహా. కొత్త లైసెన్సులు ఎలా ఇవ్వాలి, తరంగాల వేలం ఎలా జరపాలి లాంటి పెద్ద విషయాల్లో ట్రాయ్ కేంద్రానికి సిఫార్సు చేస్తుంది. చివరి నిర్ణయం మాత్రం కేంద్ర ప్రభుత్వానిదే. సిఫార్సు నచ్చకపోతే ప్రభుత్వం మళ్లీ చూడమని ట్రాయ్‌కి తిప్పి పంపాలి.

రెండోది ఆదేశం. రేట్లు, సేవా నాణ్యత, ఒక కంపెనీ నెట్‌వర్క్ నుంచి ఇంకో కంపెనీకి కాల్ కలపడం, వినియోగదారుల రక్షణ... ఈ విషయాల్లో ట్రాయ్ పెట్టిన నియమం కంపెనీలు పాటించి తీరాలి. పాటించకపోతే డబ్బు రూపంలో దండన వేసే అధికారం ఉంది.

రీచార్జ్ రేట్లు ట్రాయే పెంచుతోందా అని చాలామంది అడుగుతారు. లేదు. మొబైల్ ప్లాన్ల ధరలు చాలావరకు కంపెనీలే పెట్టుకుంటాయి. కొత్త ప్లాన్ తెచ్చాక ఆ వివరాలు ట్రాయ్‌కి తెలపాలి. రూల్‌కి విరుద్ధంగా ఉంటే ట్రాయ్ అడ్డుకోవచ్చు.

కొత్త నియమం పెట్టేముందు ట్రాయ్ ముసాయిదా ప్రశ్నలు బయటపెట్టి ప్రజల అభిప్రాయం అడుగుతుంది. బహిరంగ చర్చ జరుపుతుంది. ఎవరైనా రాయవచ్చు. 2015లో ఇంటర్నెట్ అందరికీ సమానంగా ఉండాలా అన్న ప్రశ్నపై లక్షల ఈమెయిళ్లు వెళ్లాయి. కొన్ని వెబ్‌సైట్లకు ఒక రేటు, మిగతావాటికి ఇంకో రేటు పెట్టకూడదని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ నియమం చేసింది. మన మాటకు అక్కడ చోటుందని చెప్పడానికే ఈ సంగతి.

లబ్ధిదారులకు పనికొచ్చే ట్రాయ్ నియమాలు

1. నంబర్ పోకుండా చూసుకోవడం

90 రోజులపాటు కాల్, మెసేజ్, డేటా ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబర్‌ను రద్దు చేయవచ్చు. ప్రీపెయిడ్ సిమ్‌లో 20 రూపాయలు లేదా అంతకుమించి బ్యాలెన్స్ ఉంటే వెంటనే రద్దు చేయకూడదు. 20 రూపాయలు కోసుకుని ఇంకో 30 రోజులు నంబర్ ఉంచాలి. బ్యాలెన్స్ ఉన్నంతకాలం ఇలా సాగుతుంది. రద్దయినా 15 రోజుల్లోపు 20 రూపాయలు కట్టి తిరిగి తెచ్చుకునే వీలుంది. అయితే ఒకటి. దీనివల్ల నంబర్ మీదిగా నిలబడుతుంది గానీ, ప్లాన్ లేకపోతే కాల్స్ నడవకపోవచ్చు.

ఇది చిన్న విషయం కాదు. రద్దయిన నంబర్‌ను కొంతకాలం తర్వాత వేరేవాళ్లకు ఇస్తారు. మీ బ్యాంకులో, ఆధార్‌లో పాత నంబరే ఉండిపోతే మీ ఓటీపీలు, మీ డబ్బు మెసేజ్‌లు ఆ కొత్త మనిషికి వెళ్తాయి. పిల్లలు ఊరు వదిలి వెళ్లాక మూలన పడేసిన అమ్మ సిమ్ విషయంలో ఇలాగే జరిగే ప్రమాదం ఉంది. నంబర్ మారిస్తే ముందు ఆధార్‌లో, బ్యాంకులో మార్పించుకోండి. తర్వాతే పాత సిమ్ వదిలేయండి.

2. నెట్ లేని రీచార్జ్

కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్లకు డేటాతో పనిలేదు. అలాంటివాళ్ల కోసం కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే రీచార్జ్ ఒకటైనా ప్రతి కంపెనీ పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నియమం చేసింది. ఇలాంటి ప్రత్యేక రీచార్జ్‌ల గడువు ఇదివరకు 90 రోజులు దాటకూడదు. ఇప్పుడు 365 రోజుల దాకా ఉండవచ్చు. షాపులో "డేటా లేని ప్లాన్ చూపించండి" అని అడగండి. లేదంటే కంపెనీ కస్టమర్ కేర్‌ని అడగండి.

28 రోజుల ప్లాన్‌తో నెల లెక్క తప్పుతోందని బాధపడేవాళ్లకు ఇంకో మాట. 30 రోజుల గడువున్న ప్లాన్ ఒకటైనా ప్రతి కంపెనీ ఉంచాలన్న ఆదేశం 2022లోనే వచ్చింది.

3. నంబర్ మార్చకుండా కంపెనీ మార్చుకోవడం

మీ ఊళ్లో సిగ్నల్ సరిగా లేకపోతే నంబర్ అదే ఉంచుకుని వేరే కంపెనీకి మారవచ్చు. 2011 నుంచి ఈ సౌకర్యం దేశమంతా ఉంది. మెసేజ్‌లో ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ 10 అంకెల నంబర్ రాసి 1900కి పంపండి. ఒక కోడ్ వస్తుంది. దాన్ని కొత్త కంపెనీ షాపులో మాత్రమే ఇవ్వాలి. ఫోన్లో అడిగినవాళ్లకు చెప్పకూడదు. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి. ఈ మధ్యే సిమ్ మార్చి ఉంటే 7 రోజులు ఆగాలి. మీ పేరుతో దొంగ సిమ్ తీసి వెంటనే నంబర్ ఎత్తుకుపోకుండా ఈ ఆగడం 2024 జూలై నుంచి పెట్టారు.

4. మెసేజ్ ఎవరు పంపారో పోల్చుకోవడం

కంపెనీలు, బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు పంపే మెసేజ్‌ల పైన 10 అంకెల నంబర్ ఉండదు, ఇంగ్లీషు అక్షరాల పేరు ఉంటుంది. ఆ పేరు చివర గీత పెట్టి ఒక అక్షరం వస్తుంది. అది చూడండి.

జి అంటే ప్రభుత్వ మెసేజ్.
టి అంటే లావాదేవీ మెసేజ్. ఓటీపీ లాంటివి.
ఎస్ అంటే సేవకు సంబంధించినది.
పి అంటే ప్రచారం, అమ్మకం.

"ప్రభుత్వం నుంచి మీకు 10 వేలు మంజూరు" అని ఒక మామూలు 10 అంకెల నంబర్ నుంచి మెసేజ్ వస్తే, అక్కడే అనుమానించాలి. ఇంకో సంగతి. ఈ అక్షరాల గుర్తు మామూలు మెసేజ్‌లకే. వాట్సాప్‌కి ఈ పద్ధతి వర్తించదు. వాట్సాప్‌లో ఎపికె ఫైల్ వస్తే, పైన ఏ పథకం పేరున్నా, ముఖ్యమంత్రి ఫొటో ఉన్నా, నొక్కకండి.

5. ప్రచార కాల్స్ ఆపించుకోవడం

1909కి కాల్ చేసి గానీ, ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి ఖాళీ వదిలి 0 అని మెసేజ్ పంపి గానీ ప్రచార కాల్స్ అన్నీ ఆపించుకోవచ్చు. ఖర్చు లేదు. "అలా ఆపితే పింఛన్ మెసేజ్ కూడా ఆగిపోతుందేమో" అని కొందరు భయపడతారు. ఆగదు. ప్రభుత్వ మెసేజ్‌లు, బ్యాంకు ఓటీపీలు వస్తూనే ఉంటాయి. ఆపించుకున్నాక కూడా కాల్స్ వస్తుంటే 7 రోజుల్లోపు 1909కే ఫిర్యాదు చేయండి.

6. సర్వీసు పడిపోతే

ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి పూర్తిగా నిలిచిపోతే, ఆ జిల్లా వినియోగదారులకు పోస్ట్‌పెయిడ్ అయితే అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ అయితే గడువు పొడిగింపు ఇవ్వాలి. ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యత నియమాల్లో ఇది ఉంది. తుపాను లాంటి ప్రకృతి విపత్తులకు మాత్రం ఇది వర్తించదు.

ట్రాయ్ ఏం చేయదు?

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. మోసగాళ్లకు పట్టు దొరికేదీ ఇక్కడే.

ట్రాయ్ సిమ్ ఇవ్వదు, కట్ చేయదు.
ట్రాయ్ ఆధార్ నంబర్, ఓటీపీ, బ్యాంకు వివరాలు అడగదు.
ట్రాయ్ కేసు పెట్టదు, అరెస్టు చేయదు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం అనేది మన చట్టంలోనే లేదు.
ట్రాయ్ పొలంలో, డాబా మీద సెల్ టవర్ పెట్టడానికి అనుమతి పత్రం ఇవ్వదు. "నెలకు ఇంత అద్దె, ముందు డిపాజిట్ కట్టండి" అని ట్రాయ్ ముద్రతో కాగితం చూపిస్తే అది దొంగ కాగితం.
ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకుని తీర్చదు.

చివరిది వింటే ఎవరికైనా నిరుత్సాహంగా ఉంటుంది. కానీ చట్టం దానికి ఆ పని అప్పగించలేదు. ట్రాయ్‌కి ఉత్తరం రాస్తే దాన్ని మళ్లీ మీ కంపెనీకే పంపుతుంది. ఒకరి డబ్బు తిరిగి ఇప్పించడం కన్నా, అందరి డబ్బూ పోకుండా రూలు పెట్టడం దాని పని. మరి మన ఫిర్యాదు ఎవరు వింటారు?

ఫిర్యాదు మెట్లు

మొదటి మెట్టు: మీ కంపెనీ కాల్ సెంటర్. 198కి కాల్ ఉచితం. డబ్బు ఎక్కువ కోశారన్నా, అడగని సర్వీసు పెట్టారన్నా, సిగ్నల్ లేదన్నా ముందు ఇక్కడే చెప్పాలి. డాకెట్ నంబర్ ఇవ్వమని అడిగి రాసుకోండి. అది లేకపోతే పై మెట్టు ఎక్కలేరు.

రెండో మెట్టు: అదే కంపెనీలో అప్పీలు అధికారి. కాల్ సెంటర్ జవాబు నచ్చకపోయినా, గడువులోగా జవాబు రాకపోయినా 30 రోజుల్లోపు అప్పీలు చేయవచ్చు. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి.

మూడో మెట్టు: కేంద్ర టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగం. కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టవచ్చు. మీకు చేతకాకపోతే చదువుకున్న పిల్లల సాయం తీసుకోండి, లేదా సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంట్‌ను అడగండి.

వీటితోపాటు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫోన్ సేవ కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

టీడీశాట్ అనే పేరు కూడా మీరు విని ఉండవచ్చు. అది టెలికాం వివాదాల ట్రిబ్యునల్. మొదట్లో గొడవలు తీర్చే పని కూడా ట్రాయ్ దగ్గరే ఉండేది. 2000లో చట్టం మార్చి ఆ పనిని దీనికిచ్చారు. కంపెనీకి కంపెనీకి మధ్య, కంపెనీకి ప్రభుత్వానికి మధ్య, లేదా కంపెనీకి వినియోగదారుల సమూహానికి మధ్య వచ్చే తగాదాలు అక్కడికి వెళ్తాయి. ఒక్కరి ఫిర్యాదుకు అది చోటు కాదు.

మోసం జరిగితే వెంటనే ఏం చేయాలి?

డబ్బు పోయిందా? 1930కి కాల్ చేయండి. రేపు చూద్దాం అనుకోవద్దు. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకు, పోలీసు స్టేషన్‌కు వెళ్లండి.

డబ్బు పోలేదు, కానీ దొంగ కాల్ వచ్చిందా? సంచార్ సాథీలో చక్షు అనే చోట తెలియజేయండి. సంచార్ సాథీ కేంద్ర టెలికాం శాఖది. పోర్టల్ 2023 మే నుంచి, యాప్ 2025 జనవరి నుంచి ఉన్నాయి. పోయిన ఫోన్‌ను పనిచేయకుండా ఆపించడం, మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోవడం కూడా అందులోనే. ఒక మనిషి పేరు మీద మన రాష్ట్రాల్లో 9 సిమ్‌ల దాకా ఉండవచ్చు. మీది కాని నంబర్ కనిపిస్తే "ఇది నాది కాదు" అని అక్కడే చెప్పవచ్చు.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు

198: మీ ఫోన్ కంపెనీకి ఫిర్యాదు
1909: ప్రచార కాల్స్ ఆపడానికి
1900: కంపెనీ మారడానికి మెసేజ్
1915: వినియోగదారుల సలహా
1930: సైబర్ మోసంలో డబ్బు పోతే

ఈ పీడీఎఫ్ కూడా మీకు ఫోన్లోనే వచ్చింది కాబట్టి దీన్నీ అదే కన్నుతో చూడండి. ఇందులో నొక్కాల్సిన లింకు లేదు, నింపాల్సిన ఫారం లేదు, ఓటీపీ అడగలేదు. పథకం పేరుతో వచ్చిన ఏ కాగితమైనా ఈ మూడింట్లో ఒక్కటి అడిగినా అక్కడే ఆగి, సచివాలయానికి వెళ్లి అడిగాకే ముందుకు వెళ్లండి. ఇంట్లో కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్లు ఉంటే, "ట్రాయ్ ఎవరికీ ఫోన్ చేయదు" అన్న ఒక్క మాటైనా వాళ్లకు చదివి వినిపించండి.